బరువుతో దిగే దారి

ఆ ఏడు బేరికాయ విరగకాసింది. కొమ్మలు నేల మీదికి వంగిపోతుంటే పోటుకర్రలు పెట్టి నిలబెట్టాం. సరిగ్గా కాయ కోతకొచ్చిన వారంలోనే కొండ కింద వంతెనకి పగులు కనిపించింది. ఎవరో ఇంజనీర్లు వచ్చారు, చూశారు, వెళ్లారు. మర్నాటికల్లా వంతెనకి అటూ ఇటూ ఎత్తుగా ఇనప దూలాలు అడ్డంగా బిగించేశారు. వాటి కింద దూరగలిగిన బండ్లే పోవాలి. ఏటా మా తోట గేటు దాకా వచ్చి కాయ ఎక్కించుకుపోయే లారీ ఆ ఏడు వంతెన అవతలే ఆగిపోయింది.

"లారీ రాకపోతే ఏం? మన బండి లేదూ?" అంది మా అత్తయ్య.

మన బండి అంటే మా పికప్పు. మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. ముందు ముగ్గురం ఇరుక్కుని కూర్చోవచ్చు, వెనక తొట్టిలో ఎరువు బస్తాలు వేసుకోవచ్చు. ఆ తొట్టితోనే తోటంతా కిందికి దింపాలంటే సగం కాయ చెట్టు మీదే మగ్గిపోతుంది. అందుకని ట్రెయిలర్ తగిలించాలన్న మాట కూడా అత్తయ్యే అంది. ఆ తోట ఆవిడ చేత్తో నాటింది. మామయ్య పోయాక ఒంటి చేత్తో నిలబెట్టింది. ఆవిడ ఒక మాట అన్నాక ఆ ఇంట్లో ఇంకో మాట ఉండదు. మా ఆయనకి ఊహ తెలిసినప్పటి నుంచీ "సరేనమ్మా" అనడమే అలవాటు.

ట్రెయిలర్ దొరికింది. ఇటుక బట్టీ వాళ్లు వాడి వాడి ఒక మూల పడేసిన పాతది. కింద ఊళ్లో వెల్డరు బాబాయి దాని టైర్లు మార్చి, తుప్పు గీకి, చక్రాలకి కరెంటు బ్రేకులు బిగించి మళ్లీ మనిషిని చేశాడు. మా పికప్పు వెనక కమలాపండంత ఇనప గుండు ఒకటి బిగించాడు. ట్రెయిలర్ మూతి వచ్చి ఆ గుండు మీద టోపీలా కూర్చుంటుంది.

"బాబాయ్, ఇంత బరువు మన బండి లాగుతుందంటావా?" అని అడిగారు మా ఆయన.

"లాగుతుందా అని అందరూ అడుగుతారు. లాగుతుందయ్యా. ఆగుతుందా అని ఒక్కడూ అడగడు" అన్నాడు వెల్డరు బాబాయి చేతులు తుడుచుకుంటూ.

అడగకపోయినా ఆయనే చెప్పాడు. బరువు ఇరుసుకి ముందు వైపు కొంచెం ఎక్కువ ఉండాలట. వెనక ఎక్కువైతే ట్రెయిలర్ తోక ఆడిస్తుందట. మరీ ముందుకి తోసేస్తే పికప్పు వెనక కూలబడి, ముందు చక్రాలు తేలిపోయి, స్టీరింగు మాట వినదట. గొలుసులు రెండూ మూతి కింద అడ్డంగా, ఒకదాని మీద ఒకటి వేసి తగిలించాలి. గుండుకి పట్టి ఉంచే కొక్కెం ఊడినా మూతి రోడ్డుని గుద్దుకోకుండా అవి ఊయలలా పట్టుకుంటాయి. చివరికి డాష్‌బోర్డు కింద చిన్న మీట ఒకటి చూపించాడు.

"ఇది ట్రెయిలర్ బ్రేకు ఒక్కటే పడుతుంది. తోక ఆడిందా, కంగారుపడి బండి బ్రేకు తొక్కొద్దు. కాలు తీసెయ్. స్టీరింగు తిన్నగా పట్టుకో. ఈ మీట లాగు. వెనక నుంచి ఎవరో జడ పట్టుకుని లాగినట్టు బుద్ధిగా సర్దుకుంటుంది."

మా ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. జడ పట్టుకుని లాగితే ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు!

మొదట్లో అంతా బాగానే సాగింది. పొద్దున్నే కోత, ఎండ ముదిరేలోపు పెట్టెలకెత్తడం, మధ్యాహ్నం దిగడం. తోట దాటాక కాస్త దూరం చదును. తర్వాత కొండ అంచు. అక్కడి నుంచి ఒక పక్క బండరాయి, ఇంకో పక్క మోకాలెత్తు పిట్టగోడ, దాని అవతల ఏమీ లేదు. మలుపు మీద మలుపు. సగం దారిలో రోడ్డు కొంచెం వెడల్పయ్యే చోటు ఒకటుంది. అక్కడ ఆపి, దిగి, చక్రాల దగ్గర అరచెయ్యి పెట్టి వేడి చూసుకునేవాళ్లం. మళ్లీ బయల్దేరితే ఒక పొడుగాటి వాలు, ఇంకొన్ని మలుపులు, వంతెన, అది దాటితే కోల్డ్ స్టోరేజి.

మా ఆయన నడిపితే నేను పక్కన కూర్చునేదాన్ని. పికప్పు నేనూ నడుపుతాను. మందులకీ, సామాన్లకీ కిందికి వెళ్లేది నేనే. కానీ ట్రెయిలర్ తగిలించాక ఆ సీటు ఆయనదైపోయింది. అలా అని ఎవరూ అనలేదు. అలా అయిపోయిందంతే.

ఆయన బాగా నడిపేవారు. రెండో గేరులో వేసి, బ్రేకు జోలికి పోకుండా, ఇంజనే బరువుని పట్టి ఉంచేలా దించేవారు. పాట కూడా పాడేవారు. గొంతు బాగుండదు గానీ, ఆ పాట వినపడుతున్నంతసేపూ నాకు లోయ వైపు చూడాలని కూడా తోచేది కాదు.

మా పక్క తోట ఆయనకి మేం పెట్టుకున్న పేరు తొందరాయన. మనిషి మంచివాడే. నిలబడి మాట్లాడడం రాదు. మాట మధ్యలో మొదలుపెట్టి మధ్యలోనే వదిలేసి వెళ్లిపోతాడు. ఆయనకి బండి లేదు. కోత మొదలైన కొన్నాళ్లకే మా వాకిట్లో వాలాడు.

"పెద్దమ్మా, నా కాయ మెత్తబడిపోతోంది. మీ బండిలో ఒక్క పది పెట్టెలు..."

"పెట్టుకోవయ్యా. దానికి అడగాలా?" అంది అత్తయ్య.

మాట ఇచ్చేయడం ఆవిడకి మంచినీళ్లు తాగినంత తేలిక. పైగా ఆవిడ ఎప్పుడూ కొండ మీద ఉండే మనిషి. కిందికి దిగాల్సిన పనులన్నీ మామయ్యా, తర్వాత మేమూ చూశాం. ఏళ్ల తరబడి ఆవిడకి ఆ దారి అంటే మా నోటి నుంచి విన్న దారే. పది పెట్టెలు ఇరవై అయ్యాయి. తొందరాయన్ని చూసి ఇంకో ఇద్దరు వచ్చారు. అందరికీ అత్తయ్య ఒకటే మాట: "ఇంకో పది పెట్టెలకి బండి ఏమన్నా ఏడుస్తుందా?"

మా ఆయన "సరేనమ్మా" అనేవారు.

ఆ రోజు మేం సరుకు సర్ది, మోకులు బిగించి, పరదా కట్టేసి అన్నం తినడానికి లోపలికెళ్లాం. వచ్చేసరికి ట్రెయిలర్ వెనక చెక్క మీద, తలుపు మీదికి ఒరిగి, పెట్టెలు కొత్తగా వరస కట్టి ఉన్నాయి. తొందరాయన తాడు ముడి వేస్తున్నాడు.

"మీరు తింటున్నారని పిలవలేదు. నేనే ఎక్కించేశా. పెద్దమ్మ సరేనంది."

"అన్నీ వెనకే పెట్టేశావేంటన్నా?" అన్నారు మా ఆయన.

"ముందు చోటేదీ?"

అవి దింపాలంటే మోకులన్నీ విప్పాలి. మా ఆయన ట్రెయిలర్ వైపు చూశారు, ఎండ వైపు చూశారు, వరండాలో నిలబడ్డ వాళ్లమ్మ వైపు చూశారు. "వెళ్దాం పద" అన్నారు నాతో.

మలుపులన్నీ బాగానే దాటాం. వెడల్పు చోట ఆగి చక్రాలు చూసుకున్నాం, వేడి లేదు. పొడుగాటి వాలులోకి దిగాక బండి కొంచెం వేగం అందుకుంది. కొంచెమే. అప్పుడు నా నడుము కింద సీటు ఒక పక్కకి జరిగినట్టనిపించింది. తర్వాత రెండో పక్కకి. అద్దంలోకి చూస్తే ట్రెయిలర్ ఒకసారి కనిపిస్తోంది, ఒకసారి మాయమవుతోంది.

మా ఆయన పాట ఆపేశారు. బ్రేకు తొక్కారు.

అంతే, వెనక బరువంతా వచ్చి మమ్మల్ని గెంటింది. ట్రెయిలర్ ఇటు కొడితే మా ముందు భాగం అటు తిరుగుతోంది. పిట్టగోడ నా కిటికీలోకి వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. ఎదురుగా జనంతో నిండిన వ్యాను ఒకటి ఎక్కి వస్తోంది. ఆయన కాలు బ్రేకు మీదే బిగుసుకుపోయింది.

"కాలు తియ్యండి!" అని అరిచాను. ఆయనకి వినపడలేదు. ఆయన తొడ మీద గట్టిగా చరిచి, రెండో చేత్తో ఆ చిన్న మీట పట్టుకుని లాగాను. వెనక చక్రాలు కీచుమన్నాయి. మరో ఊపు ఊగింది. తర్వాత నిజంగానే ఎవరో జడ పట్టుకుని లాగినట్టు ట్రెయిలర్ మా వెనక్కి వచ్చి తిన్నగా నిలబడింది.

బండి ఆగింది. వ్యాను మాకు రెండు బారల దూరంలో ఆగి ఉంది. వెనక తలుపు ఊడి, తొందరాయన పెట్టెలు రోడ్డు మీద పగిలిపోయి, బేరికాయలు వాలు వెంట దొర్లుకుంటూ మమ్మల్ని దాటి, వ్యాను కింద నుంచి దూరి, ఎక్కడికో పోతున్నాయి. వ్యానులో జనం దిగి కాయలేరి పెట్టారు. ఒక ముసలాయన కాయ కొరికి, "తియ్యగా ఉందమ్మా" అన్నాడు నాతో. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా ఆయన మాత్రం స్టీరింగు వదలకుండా అలాగే కూర్చుని ఉన్నారు.

ఇంటికొచ్చాక, కాయలెలా పడిపోయాయని అత్తయ్య అడిగింది.

"తాడు తెగిందమ్మా" అన్నారాయన.

నేను కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాను.

తర్వాతి రోజు నుంచి పాట లేదు. కొండ అంచుకి చేరగానే బండి ఆపేవారు. "కొక్కెం చూసొస్తా" అని దిగేవారు. కొక్కెం చూసేవారు, గొలుసులు చూసేవారు, ప్రతి టైరుకీ కాలితో ఒక తన్ను తన్నేవారు. ఎక్కి కూర్చుని తాళం తిప్పి, మళ్లీ దిగేవారు. జాగ్రత్త మంచిదే అనుకున్నాను మొదట. అయితే చూసిన కొక్కేన్నే చూస్తున్నారు. రోజురోజుకీ అక్కడ ఆగే సేపు పెరుగుతోంది. దిగేటప్పుడు చొక్కా వీపుకి అతుక్కుపోతోంది. కింద కోల్డ్ స్టోరేజిలో నీడపట్టున కూర్చున్నా చేతివేళ్లు కుదురుగా ఉండేవి కావు. టీ గ్లాసు పట్టుకుంటే టీ ఒలికేది.

పెట్టెలు తగ్గించేశారు. ట్రెయిలర్ సగం ఖాళీగా దిగుతోంది. అది చూసి అత్తయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"సగం బండి గాలి మోస్తోందా? అక్కడ కాయ రాలిపోతోంది!"

"దారి బాగాలేదమ్మా."

"నిన్న బాగున్న దారి ఇవాళ ఏమైంది?"

 ఆయన లేచి బయటికి వెళ్లిపోయారు. అత్తయ్య నా వైపు తిరిగింది. "ఏమైందే వీడికి? నువ్వైనా చెప్పు."

చెప్పాల్సింది నేను కాదనిపించింది. "అలసిపోయారత్తయ్యా" అన్నాను.

మర్నాడు కొండ అంచు దగ్గర ఆయన మూడోసారి దిగి ఎక్కాక మెల్లిగా అన్నాను. "కాసేపు నేను నడపనా?"

"ఏం? నేను చచ్చానా?"

అంత మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు.  కింద కాయ దింపేశాక, నా చేతిలో పెరుగన్నం డబ్బా పెట్టి, "తిను" అన్నారు. క్షమాపణ అదే అని అర్థమై తిన్నాను.

కోత చివరికొచ్చింది. ఆకాశం కూడా నల్లబడింది. ఒక్క గట్టి వాన పడితే మిగిలిన కాయంతా మచ్చ పడుతుంది. తెల్లారేసరికే తోటలో అందరం ఉన్నాం. తొందరాయన ఆ రోజు ఒక కాలికే చెప్పు వేసుకుని వచ్చాడు, రెండోది ఎక్కడ విడిచాడో ఆయనకే తెలీదు. అత్తయ్య వాకిట్లో నిలబడి, "ఇవాళ ఒక్క పెట్టె కూడా మిగలకూడదు" అంది.

నిండు బండి కట్టాం. మా ఆయన ఎవరినీ ట్రెయిలర్ ఎక్కనివ్వలేదు. ప్రతి పెట్టె తన చేత్తోనే పెట్టుకున్నారు. బరువైనవి ఇరుసు మీదా, దానికి కొంచెం ముందూ. తేలికవి వెనక. ఎక్కడా సందు లేకుండా, జరగడానికి వీల్లేకుండా. పని చేస్తున్నంతసేపూ ఆయన చేతులు వణకలేదు. అది గమనించాను.

కొండ అంచుకి చేరాం. ఆగారు. ఇంజను ఆపలేదు. దిగలేదు కూడా. కింద లోయలో మబ్బు కదులుతోంది. ముందు అద్దం మీద ఒక చినుకు పడింది.

"నీళ్లున్నాయా?" అన్నారు.

సీసా ఇచ్చాను. తాగారు. మూత పెట్టి నాకిచ్చి, బండి న్యూట్రల్‌లో పెట్టి, చేతి బ్రేకు పైకి లాగారు. దిగి, వెనక నుంచి చుట్టూ తిరిగి వచ్చి నా వైపు తలుపు తీశారు.

"కొంచెం జరుగు" అన్నారు.

జరిగాను. స్టీరింగు ఇంకా వెచ్చగా, తడిగా ఉంది.

అద్దాలు నాకు సరిపోయేలా తిప్పుకున్నాను. మీట ఎక్కడుందో చెయ్యి పెట్టి చూసుకున్నాను. రెండో గేరు వేశాను. గేరు పట్టు దొరికి, వెనక బరువు మెల్లగా మా వీపు మీద వాలింది. ఏనుగు ఒకటి వెనక నుంచి తల ఆనించి నెడుతున్నట్టు ఉంటుందది.

మొదటి మలుపు. "బయటికి బాగా వెళ్లు. ఇంకా. ట్రెయిలర్ నీ దారిలో రాదు, లోపలికి కోసుకుంటుంది" అన్నారాయన. తల కిటికీలోంచి బయటపెట్టి వెనక చక్రం చూస్తున్నారు. "గోడకి జానెడు ఉంది. ఇప్పుడు తిప్పు. ఇప్పుడు." ఆయన గొంతు మామూలుగా ఉంది. కాళ్లు మాత్రం, లేని బ్రేకుని తొక్కుతూనే ఉన్నాయి.

వాన అందుకుంది. వెనక ఎవరో జీపువాడు వచ్చి చేరి హారను మీద హారను. అది విని నా కాలు యాక్సిలరేటర్ వైపు పోయింది.

"వాడి గొడవ వాడిది. నువ్వు మన వేగంలో పో" అన్నారాయన.

రోడ్డు వెడల్పయ్యే చోటికి వచ్చి పక్కకి తీసి ఆపాను. జీపు దూసుకుపోయింది. ఆయన దిగి వానలోనే చక్రాలు చూసి వచ్చారు. బయల్దేరి కొంచెం దూరం పోయామో లేదో, బండరాయి పక్క నుంచి మట్టి జారి సగం రోడ్డు ఆక్రమించి ఉంది. మిగిలిన సగంలో, కింది నుంచి వ్యాను ఒకటి, దాని వెనక జీపులు, అన్నీ ముక్కు పైకెత్తి నిలబడి ఉన్నాయి. మమ్మల్ని దాటిపోయిన జీపు అప్పటికే వాటి మధ్యలోంచి ఎలాగో దూరిపోయింది. మేం దూరలేం. వాళ్లు వెనక్కి దిగలేరు, వెనక వరస పెరుగుతోంది. ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. పోతే మేమే, ఆ వెడల్పు చోటికి.

నేను ట్రెయిలర్‌తో వెనక్కి పోవడం ఎప్పుడూ చెయ్యలేదు. ఎత్తు వైపు, వానలో, పిట్టగోడ పక్కన!

"మీరు తీసుకోండి" అన్నాను. 

ఆయన స్టీరింగు వైపు చూశారు. ఒక్క క్షణం తీసుకుంటారనుకున్నాను. తల అడ్డంగా ఊపారు.

"నా వల్ల కాదు. కానీ ఎలా చెయ్యాలో నాకు తెలుసు. చెబుతా, విను. చెయ్యి స్టీరింగు కింది భాగంలో పెట్టు. ట్రెయిలర్ ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. కొంచెమే. ఎక్కువ తిరిగిపోతే ఆపెయ్, ముందుకి లాగి సరిచేసుకుందాం. నేను వెనకాల నీ అద్దంలో ఉంటా. నేను కనపడకపోతే బండి కదలకూడదు."

దిగి వెళ్లి వెనక నిలబడ్డారు. వానలో తడిసిన ఆయన చొక్కా నా అద్దంలో తెల్లగా కనిపించింది. రివర్స్ వేసి క్లచ్చి వదిలాను. టైర్లు ఒకసారి జారి, పట్టుకున్నాయి. ఆయన చెయ్యి ఎడమకి ఊపితే నా చెయ్యి ఎడమకి. ఆయన అరచెయ్యి చూపిస్తే బ్రేకు. ట్రెయిలర్ గోడ వైపు ఒరిగింది. రెండు చేతులూ పైకెత్తారు, ఆపాను. ముందుకి లాగి, సరిచేసి, మళ్లీ. కింద జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. ఎవరూ హారను కొట్టలేదు. ఎంతసేపు పట్టిందో తెలీదు. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఆయన రెండు చేతులూ కిందికి దించి, చాలన్నట్టు తల ఊపారు.

వ్యాను మా పక్క నుంచి వెళ్తూ ఆగింది. డ్రైవరు నన్ను చూసి నుదుటికి చెయ్యి ఆనించాడు. ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు, ఒళ్లంతా నీళ్లు కారుతూ.  దారి ఖాళీ అయ్యాక రెండో గేరు వేసి దిగాను. ఆ రోజు ఒక్క కాయ నలగలేదు.

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. తిరుగు దారిలో ఖాళీ బండి పైకి నడిపింది ఆయనే. కోల్డ్ స్టోరేజి దగ్గర నేను అడక్కుండానే ఆ సీట్లోకి వెళ్లి కూర్చున్నారు. 

వంటింట్లో అత్తయ్య పొయ్యి మీద పాలు పెట్టి ఉంది. తొందరాయన కబురు తెలుసుకోవడానికి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మా ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ, రోజూ చెప్పే మాటలా అన్నారు.

"ఇక నుంచి దిగేటప్పుడు బండి తను నడుపుతుందమ్మా. పెట్టెలు ఎక్కించేది నేను. నేను చాలన్నాక ఒక్క పెట్టె ఎక్కదు."

"ఆడపిల్ల చేత ఆ దారిలోనా?" అన్నాడు తొందరాయన. "నువ్వుండగా..."

"నాకు భయం వేస్తోందన్నా."

పాలు పొంగాయి. ఎవరూ పొయ్యి ఆపలేదు. నేనే వెళ్లి ఆపాను.

అత్తయ్య కొడుకుని చూస్తోంది. "ఎప్పటినుంచి?" అంది.

"కాయలు పడిపోయిన రోజు నుంచి."

"ఆ రోజు తాడు తెగలేదన్నమాట."

"లేదమ్మా. వెనక బరువు ఎక్కువై బండి ఊగిపోయింది. తను మీట లాగకపోతే మేం ఇద్దరం ఇవాళ ఇక్కడ ఉండేవాళ్లం కాదు. ఎదురొచ్చిన వ్యానులో ఎంతమందో."

తొందరాయన మొదటిసారి కదలకుండా నిలబడ్డాడు. అత్తయ్య పొంగిన పాలు తుడవడానికి గుడ్డ తీసుకుంది. తుడిచిన చోటే తుడుస్తూ ఉండిపోయింది. తర్వాత ఎవరినీ చూడకుండా, "రేపు నేనూ వస్తా" అంది.

వస్తుందనుకోలేదు. పొద్దున్న పెట్టెలెక్కిస్తుంటే శాలువా కప్పుకుని వచ్చి, మా ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుంది. వానకి ముందే కోసినా ముందురోజు బండిలో పట్టక మిగిలిన చివరి కాయ అది. వాన వెలిసి ఎండ కాస్తోంది. రోడ్డు కడిగినట్టుంది.

కొండ అంచు దగ్గర ఆపాను. ఆయన కొక్కెం చూడ్డానికి దిగారు. ఆవిడ కూడా దిగింది. ఆయన వెనకే నడిచి, ఆయన వంగి చూసినవన్నీ తనూ వంగి చూసింది. గొలుసు పట్టుకుని ఊపి చూసింది. లేచి, నడుము మీద చెయ్యి పెట్టుకుని పిట్టగోడ దాకా వెళ్లింది. ఒక మలుపు కింద ఇంకో మలుపు, దాని కింద ఇంకోటి, అట్టడుగున వంతెన అగ్గిపుల్లంత. చాలాసేపు చూసింది.

"ఈ దారినా," అంది, "నేను రోజూ ఇంకో పది పెట్టెలన్నది?"

 

ఆవిడ వచ్చి మళ్లీ మధ్యలో కూర్చుంది. ఆయన ఎక్కి తలుపు వేసుకున్నారు. నేను గేరు మీద చెయ్యి వేశాను. అత్తయ్య ఆ చేతి మీద తన చెయ్యి ఆనించి తీసింది.

"నెమ్మదిగానే పోనివ్వమ్మా" అంది. "నాకేం తొందర లేదు."